నడుము నలభై నాలుగు

మధ్యాహ్నం పూట దర్జీ కొట్టు. టేపు పట్టుకున్నావిడ కొట్టు యజమానురాలు. ఆవిడ ముందు చేతులు చాపి నిలబడ్డాయన నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. వెనక గదిలోంచి కరెంటు సంగీతం వినిపిస్తోంది.

"నలభై రెండు."

"ఇంకోసారి చూడండి, టైలరమ్మగారూ."

"మూడుసార్లు చూశాను, గుమాస్తాగారూ. నలభై రెండు."

"ఆగండి, ఊపిరి పీలుస్తాను. ఊఁ. ఇప్పుడు?"

"ఇప్పుడూ అంతే. ఆ గాలంతా ఛాతీలోకి పోతోంది, నడుములోకి రావట్లేదు. వదిలెయ్యండి, మొహం కందిపోతోంది."

"పోనీ నలభై నాలుగు అనండి. ఒక్క మాట. రెండంగుళాలు మీకేం బరువు?"

"టేపు మీద లేని మాట నా నోట రాదు."

"శనివారం ఒక్క రోజు."

"శనివారానికి నాకు వేరే నోరు మొలుస్తుందా?"

"మీకు పరిస్థితి అర్థం కావట్లేదు. శనివారం సాయంత్రం మైదానంలో యాభై వేల మంది ఉంటారు. మీ అమ్మాయి బాండు పాట మొదలెడుతుంది. 'పాటలో ఉన్న గుమాస్తాగారు వీరే' అని నన్ను వేదిక మీదికి పిలుస్తారు. నేను ఇలా చేతులు చాపుతాను. మీరు టేపు పెట్టి మైకులో చదవాలి. మీరు 'నడుము' అనగానే యాభై వేల మంది 'నలభై నాలుగు' అంటారు. అప్పుడు మీరు తాపీగా నలభై రెండు అన్నారనుకోండి, నా గతేం కాను?"

"రెండంగుళాలు సన్నబడ్డారని సంతోషిస్తారు."

"నవ్వులాట కాదమ్మా."

"అమ్మా, ఇస్త్రీ ఆపు!"

"విన్నారా, మా అమ్మాయి. ఇస్త్రీ పెట్టలేదే తల్లీ, నా చేతిలో టేపుంది!"

"మరి పాటలోకి ఆ గుర్రు ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"గుమాస్తాగారు ఊపిరి పీలుస్తున్నారు!"

"కాస్త దూరంగా పీల్చుకోమను!"

"ఏమనుకోకండి. దాని చెవులు అలాంటివి. మా ఇంట్లో అందరికీ ఏదో ఒకటి అతిగానే ఉంటుంది."

"ఏమనుకుంటాను. ఆ అమ్మాయి పుణ్యమే కదా ఇదంతా. బాండు పేరు 'ఇస్త్రీ ఆపండి' అని ఎందుకు పెట్టారా అని మా ఆఫీసులో రోజూ చర్చే. మా సూపర్నెంటు ఏదో లోతైన అర్థం ఉందంటాడు."

"లోతూ లేదు, మెట్టా లేదు. ఈ కొట్టుకి, వెనక గదికి కలిపి ఒకటే ఫ్యూజు. వాళ్ళవన్నీ కరెంటు వాయిద్యాలు. తోలు లేదు, కర్ర లేదు, ఊదేది లేదు. మీటలు, తీగలు, ఒక కంప్యూటరు. ప్లగ్గు పీకితే బాండు లేదు. నేను ఇస్త్రీ పెట్టె పెట్టానంటే పాటలో 'ఝుయ్' మని మోత. ఒక్కోసారి మొత్తం ఆరిపోతుంది. రోజుకి ఇరవైసార్లు 'ఇస్త్రీ ఆపు, ఇస్త్రీ ఆపు' అని అరిచీ అరిచీ, ఇక వేరే పేరు తోచక అదే పెట్టుకున్నారు. జనంలోకి వెళ్ళేది కదా, మర్యాదగా ఉండాలని 'ఆపండి' అన్నారట."

"ఆహా. మరి నా కొలతలు ఆ పాటలోకి ఎలా వెళ్ళాయి? అది మాత్రం నాకు ఇప్పటికీ అంతు చిక్కదు."

"చేతులు దించి కూర్చోండి, చెప్తాను. నా చేతి కింద రాసేవాళ్ళెవరూ లేరు. ఒక చేత్తో టేపు, ఒక చేత్తో పెన్సిలు అంటే ఎక్కడో ఒకచోట అంగుళం జారుతుంది. అందుకని ఫోను బల్ల మీద పెట్టి, రికార్డు నొక్కి, పైకి చదువుతాను. ముందు ఎవరి బట్టో చెప్తాను, తర్వాత అంకెలు. బట్ట కత్తిరించే రోజు దాన్ని వింటూ సుద్దతో గీతలు గీస్తాను. చిట్టీ కూడా అది వినే రాస్తాను. ఒక్కోసారి రికార్డు ఆపడం మర్చిపోయి మిషను ఎక్కి కూర్చుంటాను, ఆ తొక్కుడు చప్పుడూ అందులో పడుతుంది."

"అదేనా పాటలో తాళం?"

"అదే. ఫోనులో చోటు నిండిపోయిందని పాతవన్నీ కంప్యూటర్లో వెయ్యమని మా అమ్మాయికిచ్చాను. పాటల కంపెనీకి పాట పంపడానికి అదే ఆఖరి రోజు. పాడాల్సిన కళ్ళజోడమ్మాయికి గొంతు పూడిపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు. గొంతు ఉండాల్సిన చోట ఖాళీగా వదిలేస్తే పాట ఎంతుందో కంపెనీవాళ్ళకి తెలియదని, తాత్కాలికంగా నా గొంతు అతికించింది. మేము బట్టకి ముందు వదులుగా పెద్ద కుట్లు వేసుకుంటాం చూడండి, తర్వాత లాగెయ్యడానికి, అలాగ."

"లాగెయ్యడం మర్చిపోయారా?"

"లాగే లోపల కంపెనీవాళ్ళు తొడుక్కుని ఊరేగారు. వారం తిరిగేసరికి నేను కూరగాయలకి వెళ్తే నా గొంతు నాకే ఎదురొచ్చింది. 'గుమాస్తాగారి చొక్కా. పొడవు ముప్ఫై ఒకటి. ఛాతీ నలభై ఆరు. నడుము నలభై నాలుగు. ఎడమ భుజం అర అంగుళం దిగువ.' ఎవరో నన్ను తిడుతున్నారేమో అనుకుని సంచీ అక్కడే వదిలి వచ్చేశాను."

"నేను బస్సులో విన్నాను. నా పక్కాయన వేళ్ళతో దరువేస్తున్నాడు."

"బస్సుల సంగతి చెప్పకండి. ఆ 'ఎడమ భుజం' అన్నచోట అందరూ భుజం జార్చి ఆడుతున్నారు కదా, ఇప్పుడు నడక కూడా అదే అయింది. నిలబడ్డవాళ్ళంతా ఒక పక్కకి ఒరిగి ఉంటే బస్సే ఒరిగిందనుకుని ఒక డ్రైవరు ఆపి, దిగి, చక్రాలు తన్ని చూశాడట. ఇంకొకాయన ఆ అంకెల్ని వరసగా ఫోనులో నొక్కితే ఎవరో పళ్ళ డాక్టరుకి మోగిందట. పాపం ఆ డాక్టరు నెల రోజులుగా 'నేను గుమాస్తాని కాదు' అని చెప్పుకుంటూ బతుకుతున్నాడు."

"పేపర్లో వచ్చింది చూశారా? పెద్ద విమర్శకుడు రాశాడు. మనిషిని మనిషి ఇంత శ్రద్ధగా చూడడం మన పాటల్లో ఎన్నడూ లేదన్నాడు. 'నడుము' అన్నచోట ఆ తల్లి గొంతులో ఏదో బాధ ఇరుక్కుని ఉందన్నాడు."

"నోట్లో గుండుసూదులు ఇరుక్కుని ఉన్నాయి. అయిదు."

"నాకు చదువుతుంటే కన్నీళ్ళొచ్చాయమ్మా."

"నాకు వచ్చేది వేరే దానికి. పుల్లల్లాంటి కుర్రాళ్ళు వరస కట్టి వస్తున్నారు, గుమాస్తాగారి చొక్కా కుట్టమని. 'ఇలా రా నాయనా, కొలత తీస్తాను' అంటే 'ఎందుకాంటీ, కొలతలు పాటలో ఉన్నాయి కదా' అంటున్నారు. ముప్ఫై ఏళ్ళుగా మనిషిని బట్టి బట్ట కుట్టాను. ఇప్పుడు అందరికీ ఒకే చొక్కా. ముగ్గురు కుర్రాళ్ళు ఒక్క చొక్కాలో దూరి వెళ్ళడం ఈ గుమ్మంలోంచే చూశాను."

"వాళ్ళకి అది ముచ్చట. నాకు అది బతుకు. వింటారా?"

"చెప్పండి."

"పంతొమ్మిదేళ్ళుగా ఆ ఆఫీసులో ఉన్నాను. హాజరు పుస్తకంలో తప్ప నా పేరు ఎక్కడా లేదు. ఒకసారి పది రోజులు జ్వరమొచ్చి సెలవు పెట్టి తిరిగి వెళ్తే, మా సూపర్నెంటు 'కొత్తగా చేరారా, ఎక్కడి నుంచి వచ్చారు' అన్నాడు. నేను ఊరు పేరు చెప్పాను. కాదని చెప్పడానికి మొహమాటం."

"అయ్యో రామ."

"పాట వచ్చాక గుమాస్తాలంతా మేమంటే మేమన్నారు. రెండు వందల పన్నెండు మంది. సంఘంవాళ్ళు కమిటీ వేశారు. నా దగ్గర మీ చిట్టీ ఉంది కదా, తేదీతో, కొలతలతో, 'గుమాస్తాగారి చొక్కా' అని మీ చేతి రాతతో. తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. అంతే, రెండు వందల పదకొండు మందీ తలలు దించుకున్నారు. ఇప్పుడు నాకు కిటికీ పక్క కుర్చీ. నీళ్ళు రావట్లేదని కొట్టడానికి వచ్చినవాళ్ళు నన్ను చూడగానే భుజం జార్చి దండం పెట్టి వెళ్ళిపోతున్నారు, నీళ్ళ ఊసే మర్చిపోయి. మా ఆవిడ ఇన్నేళ్ళూ నన్ను ఎవరికీ చూపించేది కాదు. ఎవరైనా వస్తే 'ఆయన పడుకున్నారు' అనేది, నేను ఎదురుగా కూర్చుని ఉన్నా సరే. ఇప్పుడు పక్కింటావిడని గోడ దగ్గరికి పిలిచి మరీ చూపిస్తోంది. శనివారం గానీ నేను నలభై రెండని తేలితే, మళ్ళీ పడుకోవాలి."

"అంతేకదా మరి. ఉన్న నడుము పోగొట్టుకున్నారు. దిగులుతో చిక్కారా?"

"చిక్కడం కాదు."

"మరి?"

"వదిలెయ్యండి."

"వదిలెయ్యడానికి నాకు తెలియాలి కదా. నేను కొలత తీసి ఎనిమిది నెలలే అయింది. అప్పుడు నలభై నాలుగు, ఇప్పుడు నలభై రెండు. ఏం తిన్నారు, ఏం మానేశారు?"

"మానడం ఏంటమ్మా. మెతుకు వదలకుండా తింటున్నాను. పొద్దున బ్రెడ్డు, మీద వెన్న, దాని మీద ఇంకో బ్రెడ్డు. పూటకి ఆరు అరటిపళ్ళు. మధ్యలో మా ఆవిడ నిద్ర లేపి మరీ పెడుతోంది. ఇంకా రెండంగుళాలు కావాలి, ఎంత తిన్నా అక్కడ ఆగిపోయింది."

"ఆగిపోవడం అంటే? ఎక్కడి నుంచి ఎక్కారు మీరు?"

"ముప్ఫై ఆరు నుంచి."

"ముప్ఫై ఆరా?"

"అరిచారంటే మీ అమ్మాయి మళ్ళీ ఇస్త్రీ ఆపమంటుంది."

"ముప్ఫై ఆరు నడుముకి నేను కుట్టిన చొక్కా ఎలా తొడిగారండీ?"

"తొడగడం తేలికే. లోపల నిలబడడమే కష్టం. మా పెద్ద గుమాస్తాగారి రిటైర్మెంటు రోజు వేసుకెళ్ళాను. ఫ్యాను కింద నిలబడితే అది నన్ను ముందుకి తోసుకెళ్ళి దండ వెయ్యకముందే ఆయన మీద పడేసింది."

"మరి వచ్చి చెప్పరేం? లూజయిందని ఒక్క మాట అంటే కుట్లు విప్పి గంటలో ఇచ్చేదాన్ని కదా."

"మీరు టేపుతో కొలిచారు కదమ్మా. తప్పు నా ఒంట్లోనే ఉంటుందనుకున్నాను."

"ఓరి దేవుడా."

"పాట వచ్చాక చూసుకుంటే చిట్టీ నాదే, తేదీ నాదే, ఒళ్ళు మాత్రం నాది కాదు. సరే, పాటని మార్చలేం, ఒంటిని మార్చొచ్చు కదా అని మొదలెట్టాను. ఛాతీ ఎలాగో వచ్చేసింది. భుజం ఒక్కటి సతాయిస్తోంది."

"భుజానికేం చేశారు? ఆ సంచీ ఏంటి?"

"ఇటుకలు. నాలుగు. మూడు నెలలుగా ఎడమ భుజానికి తగిలించుకుని తిరుగుతున్నాను, అర అంగుళం దిగడానికి. దిగింది కూడాను."

"ఏదీ, నిలబడండి. దిగింది, గుమాస్తాగారూ. కుడిది."

"ఆఁ?"

"ఎడమ పక్క బరువు పెట్టుకుని, పడిపోకుండా కుడి పక్కకి ఒరిగారు. ముప్పావు అంగుళం దిగింది. ఏమంటారో యాభై వేల మంది."

"అయితే వాళ్ళకి వెనక్కి తిరిగి నిలబడతాను. అప్పుడు ఎడమ అవుతుందా?"

"కూర్చోండి మీరు. ముందు ఆ సంచీ దించండి."

"అమ్మా, వాను వచ్చింది. రిహార్సలుకి వెళ్తున్నాం. నమస్తే అంకుల్. భుజం ఎంతవరకు వచ్చింది?"

"వస్తోందమ్మా."

"ఏమీ రావట్లేదు. ఒసేయ్, ఆగు. ఆయన నడుము నలభై రెండు. నేను శనివారం అదే చదువుతాను. నీ కంపెనీవాళ్ళకి చెప్పు."

"అమ్మా, ప్లీజ్. మళ్ళీ మొదలెట్టకు. శనివారం సరిగ్గా జరిగితేనే రెండో పాట చేస్తామన్నారు. పొడుగోడు బాండు కోసం ఉద్యోగం మానేసి కూర్చున్నాడు. కళ్ళజోడు వాళ్ళింట్లో రోజూ యుద్ధమే. ఏదో ఒకటి చదివెయ్. అక్కడ వాళ్ళు వినేది నిన్ను కాదు, వాళ్ళని వాళ్ళే వింటారు."

"అయితే టేపు ఎందుకు? ఉత్త చేతులు ఊపమను."

"నీ మొండితనం నాకు తెలీదా? చిన్నప్పుడు నా స్కూలు గౌను అర అంగుళం ఎక్కువుందని ఊరేగింపు మధ్యలోంచి లాక్కొచ్చి మడత వేశావు. అంకుల్, మీరే నచ్చజెప్పండి. అన్నం మూత పెట్టాను, తినమ్మా. టాటా."

"తలుపు దగ్గరికి వెయ్యి."

"చూశారా, మీ అమ్మాయి బతుకూ ఆ రెండంగుళాల మీదే ఉంది. కన్నతల్లి అయ్యుండి మీరు..."

"వాను వెళ్ళిందా?"

"మలుపు తిరిగింది. ఏం?"

"మీకొక మాట చెప్పాలి. మూడు నెలలుగా నోటిదాకా వచ్చి వెనక్కి పోతోంది. ఇందాక చిక్కారా అని అడిగిందీ అది దాచడానికే. మీరు ఇటుకలు మోస్తున్నారని తెలిస్తే ఎప్పుడో చెప్పేదాన్ని."

"చెప్పండి, భయపెట్టకండి."

"ఆ అంకెలు మీవి కాదు."

"తెలుసుగా. నావి ముప్ఫై ఆరు. తప్పు చదివారు, పొరపాటు, ఎవరికైనా..."

"పొరపాటు కాదు. అవి ఇంకొకరివి. ఆ రోజు మీరు ఇదిగో ఇక్కడే నిలబడ్డారు. చేతులు చాపమన్నాను. మీరు చాపి, తల పక్కకి తిప్పుకుని ఆ గోడ గడియారం వైపు చూశారు. మా ఆయన అచ్చం అలాగే చూసేవాడు, డ్యూటీకి వేళవుతోందని. పన్నెండేళ్ళయింది ఆయన చొక్కా కుట్టి. చేతులు మీ ఒంటి మీద టేపు పెడుతున్నాయి, నోరు ఆయనకి ఆఖరిసారి చదివిన అంకెలు చెప్పుకుంటూ పోతోంది. నేను గమనించుకోలేదు. కత్తిరించేటప్పుడు కూడా 'ఈ కొలత ఎంత చేతికి అలవాటుగా ఉందో' అనుకున్నానే గానీ తట్టలేదు. కూరగాయల కొట్లో విన్నాక తెలిసింది."

"ఆయన పోయారా?"

"పోలేదు. వెళ్ళిపోయాడు."

"అంటే దేశమంతా ఆడుతున్నది..."

"మా ఆయన ఒళ్ళు."

"మీ అమ్మాయికి తెలుసా?"

"తెలీదు. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. వాళ్ళ నాన్న కొలతల మీద అది దరువు వేసిందని దానికి తెలీదు. చెప్పకండి."

"నేనెందుకు చెప్తాను. నేనసలు ఎవర్ని, చెప్పడానికి? ఇందాకటిదాకా కనీసం తప్పు కొలత నాది అనుకున్నాను. అదీ నాది కాదు."

"అలా అనకండి."

"ఏం చేసేవారు ఆయన?"

"పోస్టుమాన్. ఎడమ భుజానికి సంచీ. అందుకే ఆ అర అంగుళం."

"ఓహో. నేను ఇటుకలు కాదు, ఉత్తరాలు మొయ్యాల్సింది."

"మీ నోటికి దండం."

"ఎందుకు వెళ్ళిపోయారు? చెప్పకూడనిదైతే వద్దు."

"చెప్పకూడనిదేం లేదు, చెప్తే నవ్వుతారు. అప్పటికి నాలుగు రోజులుగా మాకు మాటల్లేవు. కిటికీ మూయమన్నానో, తెరవమన్నానో, అసలు గొడవ దేని మీదో కూడా ఇప్పుడు గుర్తులేదు. ఆ రోజు కొట్టు నిండా జనం. ఆయనకి యూనిఫారం చొక్కా కుట్టాలి. వచ్చి వరసలో నిలబడ్డాడు, పరాయివాడిలాగ. నేనూ పరాయివాడికి తీసినట్టే తీశాను. పొడవు, ఛాతీ, అన్నీ సరిగ్గా నడిచాయి. నడుము దగ్గర నలభై నాలుగు అన్నాను. ఆయన నలభై రెండు అన్నాడు. నాలుగు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అదే."

"మీరేమన్నారు?"

"టేపు అబద్ధం చెప్తుందా అన్నాను. మళ్ళీ తియ్ అన్నాడు. మళ్ళీ తీసి, ఇంకాస్త గొంతు పెంచి చదివాను. జనం నవ్వారు. ఒకావిడ ఆయన పొట్ట వైపు వేలు కూడా చూపించింది. ఆయన గుండీలు పెట్టుకుని, సంచీ తగిలించుకుని, 'నా గురించి నీకు టేపు చెప్పాలన్నమాట' అన్నాడు. అని వెళ్ళాడు. ఆ రోజు ఉత్తరాలన్నీ పంచాడట, ఒక్కటీ తప్పకుండా. ఇంటికి మాత్రం రాలేదు."

"రెండంగుళాల కోసం ఇల్లు వదిలేశారా?"

"మీరు రెండంగుళాల కోసం ఇటుకలు మోస్తున్నారు కదా."

"అదీ నిజమే. వెతికించలేదా?"

"వెతికించాను. పోలీసులు కొలతలు రాయమన్నారు. నడుము దగ్గర కాగితం తిరిగిచ్చేశాను."

"ఎందుకు?"

"అది అలా ఉంచండి. ఇది చూడండి ముందు. పాట వచ్చిన నెలకి కంపెనీవాళ్ళు ఉత్తరాలన్నీ మూట కట్టి పంపారు. అందరూ ఆహా ఓహో అని రాశారు. ఈ కార్డు ఒక్కటే వేరు. చదవండి."

"'అయ్యా, పాట బాగుంది. నడుము తప్పు. సరిచేయగలరు.' అంతేనా? సంతకం లేదే."

"ఊరూ లేదు. తపాలా మనిషి కదా, ముద్ర కూడా ఎంత జాగ్రత్తగా చెరిపేశాడో చూడండి. కంపెనీ చిరునామా మాత్రం ఎంత పొందిగ్గా రాశాడు, ఇంటి నంబరుతో సహా. అలా రాసేవాడు నాకు తెలిసి ఒక్కడే. ఈ కార్డు వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించట్లేదండీ. బతికి ఉన్నాడు. వింటున్నాడు. పన్నెండేళ్ళ తర్వాత కూడా ఆ ఒక్క మాట దగ్గరే నిలబడి ఉన్నాడు."

"శనివారం వస్తారంటారా?"

"మైదానానికి వస్తాడో, ఎక్కడో రేడియో పెట్టుకుని కూర్చుంటాడో. వినకుండా మాత్రం ఉండడు. అందుకే కంపెనీవాళ్ళు టేపు పట్టుకోమంటే ఒప్పుకున్నాను. లేకపోతే యాభై వేల మంది ముందు నిలబడే వయసా నాది? నాకు ఆయన కావాలి, గుమాస్తాగారూ. పాటలూ వద్దు, పేపర్లూ వద్దు."

"అమ్మా, అయితే ఇంకేం. ఇద్దరి పనీ ఒక్క దెబ్బతో అయిపోతుంది, ఇలా వినండి. మీరు నా నడుముకి టేపు పెట్టి నలభై నాలుగు అనండి. యాభై వేల మంది నలభై నాలుగు అంటారు. ఆయన పౌరుషం గల మనిషి. ఊరుకుంటాడా? జనంలోంచి లేచి 'తప్పు, నలభై రెండు' అని అరుస్తాడు. లేచినవాణ్ణి అక్కడే పట్టుకోవచ్చు. నేను సంఘంవాళ్ళతో చెప్పి అన్ని గేట్ల దగ్గరా గుమాస్తాలని నిలబెడతాను. రెండు వందల పదకొండు మంది ఖాళీగానే ఉన్నారు."

"వద్దు."

"ఎందుకొద్దు? మీ అమ్మాయికి రెండో పాట వస్తుంది. నా కుర్చీ నాకుంటుంది. మీ ఆయన మీకు దొరుకుతాడు."

"లేచినా దొరకడు. మళ్ళీ ఆ మాటే వింటే ఈసారి కార్డు కూడా రాయడు. నేను టేపు మీద ఏముంటే అదే చదువుతాను. మీ నడుము నలభై రెండు, నలభై రెండే చదువుతాను. మీ పరువు పోకుండా నేను చూసుకుంటాను. కొలత తప్పింది నేను, ఈయన కాదని మైకులోనే చెప్తాను. మీ చొక్కా కుట్లు విప్పి మళ్ళీ కుట్టి ఇస్తాను, మీ ఒంటికి సరిపడా. తినడం ఆపండి, అంతే."

"నా సంగతి వదిలెయ్యండమ్మా. నాకు అర్థం కానిది వేరే. టేపు మీద లేని మాట చెప్పనంటారు, బాగుంది. నా దగ్గర టేపు మీద నలభై రెండుంది, ఒప్పుకున్నాను. కానీ ఆయన దగ్గర టేపు ఏం చెప్పిందో అదే కదా పాటలో ఉంది. ఆయన కాదన్నంత మాత్రాన మీరు పన్నెండేళ్ళ తర్వాత తగ్గడం దేనికి? ఆ రోజు టేపు నలభై నాలుగు అంది, మీరు చదివారు. తప్పు ఆయనది."

"టేపు అనలేదు, గుమాస్తాగారూ. ఆ రోజు కూడా టేపు మీద నలభై రెండే ఉంది."